రంగం వెళ్ళొచ్చిన పంచె

మా అమ్మ రంగూన్‌ని ఏనాడూ రంగూన్ అనలేదు. రంగం అనేది. గోదావరి జిల్లాల్లో పాతవాళ్ళందరూ అలాగే అనేవారు. ఫలానావాళ్ళ తాత రంగం వెళ్ళి నాలుగు రాళ్ళు వెనకేశాడంటే అది యుద్ధరంగమూ కాదు, నాటకరంగమూ కాదు. ఓడెక్కి సముద్రం దాటి బర్మా వెళ్ళాడని అర్థం. ఇప్పటి పిల్లలకి ఈ మాట చెబితే నవ్వుతారు. నవ్వనివ్వండి. నా ఆట, నా ఇల్లు, నేనాడిన అబద్ధం అన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగాయి కాబట్టి నాకు మాత్రం నవ్వు రాదు.

నేను పుట్టింది అక్కడే. మా నాన్న బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. నాకు పదేళ్ళప్పుడు అక్కడి ప్రభుత్వం మారింది. మిల్లులూ దుకాణాలూ సర్కారువైపోయాయి. మనవాళ్ళకి ఇక అక్కడ నూకలు చెల్లాయి. అందరితోపాటు మేమూ ఓడెక్కి వచ్చేశాం. రాజమండ్రి చివర మాలాంటివాళ్ళకి ఇళ్ళస్థలాలిస్తే దానికి బర్మా కాలనీ అని పేరు పడిపోయింది. వచ్చేశాం అంటున్నాను గానీ వచ్చింది ముగ్గురమే, అమ్మ, నాన్న, నేను. అన్న రాలేదు.

అన్న నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నాన్న పనిచేసే మిల్లు జట్టుకే ఫుట్‌బాల్ ఆడేవాడు. హాఫ్ ఆడేవాడు. ఇప్పుడు మిడ్‌ఫీల్డర్ అంటున్నారు, అప్పుడు హాఫ్ అనే అనేవాళ్ళం. వెనక బ్యాకులు, ముందు ఫార్వర్డులు, నడుమ హాఫులు. వెనకవాళ్ళ దగ్గర బంతి పుచ్చుకుని ముందువాళ్ళకి అందించడమే హాఫు పని. సాయంత్రాలు నన్ను మిల్లు వెనక ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళి పేముతో అల్లిన బంతితో నేర్పేవాడు. బంతి కాలిదగ్గరకొచ్చాక నేను తలెత్తి చూశానా, నెత్తిన మొట్టికాయ పడేది. "వచ్చాక చూడటం కాదురా, రాకముందే చూసుకోవాలి. ఎవరికివ్వాలో తెలియనివాడు బంతి పుచ్చుకోకూడదు" అనేవాడు. నాకు ఫుట్‌బాల్లో ఇంకెవరూ ఏమీ నేర్పలేదు. తరవాత వచ్చిన కోచ్‌లందరూ విజిల్ ఊదారు, అంతే.

ఓడ టిక్కెట్లు చేతికొచ్చిన రోజు వాడు నాన్నతో, సీజను అయ్యాక వస్తానన్నాడు. ఇంకా నాలుగు మ్యాచులున్నాయట. మా నాన్న కోపం ఎలాంటిదో మీకు తెలియదు. నాకు వారసత్వంగా వచ్చిన ఆస్తి అదొక్కటే గనక నాకు తెలుసు. "నీకు బంతి కావాలో బాబు కావాలో తేల్చుకో" అన్నాడు. అన్న బూట్లు తీసుకుని ప్రాక్టీసుకి వెళ్ళిపోయాడు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఓడెక్కేదాకా నాన్న గొణుగుతూనే ఉన్నాడు. రేవులో వాడి మొహం చూడలేదు, పలకరించలేదు. అమ్మ మాత్రం వాడి చొక్కా పట్టుకుని వదలలేదు. తరవాతి ఓడకి వచ్చేస్తానని వాడు అమ్మ చేతిలో చెయ్యి వేశాడు. తరవాత చాలా ఓడలొచ్చాయి. మొదటి ఏడాది వాడి దగ్గరనుంచి రెండు ఉత్తరాలొచ్చాయి. ఆ పైన మేం ఎన్ని రాసినా జవాబు లేదు.

ఇక్కడికొచ్చిన నెలకి నాన్న నన్ను బళ్ళో వేయడానికి తీసుకెళ్ళాడు. హెడ్మాస్టరు గారు మంచి మనిషే. రిజిస్టరు తెరిచి, "మీదే ఊరయ్యా?" అని అడిగారు. మా నాన్న చేతులు కట్టుకుని, "కొరంగీలమండి" అన్నాడు.

ఇది కొంచెం విప్పి చెప్పాలి. బర్మాలో తెలుగువాళ్ళందరినీ కొరంగీలనేవారు. తాతల కాలంలో ఓడలన్నీ కాకినాడ అవతల కోరంగి రేవునుంచి వెళ్ళేవి గనక, బర్మాలో దిగినవాడు శ్రీకాకుళంవాడైనా ఏలూరువాడైనా వాళ్ళకి కొరంగీయే. ముద్దుగా పిలిచే పేరేం కాదది. ముప్ఫై ఏళ్ళు అలా పిలిపించుకుని పిలిపించుకుని, ఎవరు మీరంటే మా నాన్న నోట అదే వచ్చేది. హెడ్మాస్టరు గారు తలూపి, పుట్టిన ఊరు అన్నచోట 'కోరంగి' అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. నాన్నకి చదువు రాదు. నాకు అప్పటికి తెలుగు అక్షరాలు రావు. ఇద్దరం ఆయనకి దణ్ణం పెట్టి ఇంటికొచ్చాం. ఆ కోరంగిని అప్పటికి నేను కళ్ళతో చూసి ఎరగను.

అమ్మ ఇంటిముందు పొయ్యి పెట్టి, రంగం పద్ధతిలో ఆనపకాయ బజ్జీలు వేసి అమ్మేది. ఆనపకాయతో బజ్జీ ఏంటండీ విడ్డూరం కాకపోతే అని మొదట ఊరివాళ్ళు నవ్వారు. తరవాత రిక్షాలు కట్టించుకుని మరీ వచ్చారు. నాన్న ఒక కలప అడితీలో పనికి కుదిరాడు. నేను బడి ఎగ్గొట్టి గోదావరి ఇసుక మీద ఆడుకునేవాణ్ణి. ఎండాకాలం నీళ్ళు పక్కకి తప్పుకుంటే రైలు వంతెన కింద ఎంత ఇసుకో! కాళ్ళు కూరుకుపోయే ఇసుకలో బంతిని అదుపు చేసినవాడికి గడ్డి మీద ఆడటం ఒక లెక్కా?

ఇక్కడి కుర్రాళ్ళు బంతి దొరికితే బలంగా కొట్టి దాని వెనక పరిగెత్తేవాళ్ళు. నేను నడుమ నిలబడి అటూ ఇటూ అందించేవాణ్ణి. వీడేంట్రా, నిలబడి ఆడతాడు అని ఎగతాళి చేశారు. ఎగతాళి చేసినవాళ్ళే, నేను లేని రోజు ఓడిపోయి ఇంటికొచ్చి పిలిచేవాళ్ళు. డెబ్భైల మొదట్లో కాలేజీ గ్రౌండులో నా ఆట చూసి, ఊళ్ళో ఒక మిల్లువాళ్ళు ఉద్యోగమిచ్చారు. పేరుకి స్టోర్సులో హెల్పరు. పొద్దున్న ప్రాక్టీసు, సాయంత్రం ప్రాక్టీసు, మధ్యలో సంతకం. కాకినాడ, భీమవరం, ఏలూరు, ఎక్కడ టోర్నమెంటు ఉంటే అక్కడికి లారీలో తీసుకెళ్ళేవారు. గట్టు మీద జనం "బర్మా! ఒరే బర్మా!" అని అరిచేవారు. మొదట్లో తిట్టు, గెలిచాక ముద్దు. రెంటికీ అదే మాట. రంగంలో కొరంగీని, రాజమండ్రిలో బర్మాని, తరవాత కలకత్తాలో మద్రాసీని. ఏ ఊళ్ళో ఉన్నా నా పేరు ఇంకో ఊరే.

నాన్న నా ఆట ఒక్కసారి కూడా చూడలేదు. బంతి అనే మాట ఇంట్లో ఎత్తనిచ్చేవాడు కాదు. అలాంటివాడు ఒక ఎండాకాలం మంచం పట్టి, వారం రోజుల్లో చిక్కి సగమైపోయాడు. చివరిరోజు పొద్దున్న అమ్మనీ నన్నూ దగ్గరికి రమ్మన్నాడు. "పెద్దోడికి చెప్పండి. నాకు వాడి మీద కోపం లేదు" అన్నాడు. మధ్యాహ్నానికి పోయాడు.

కోటిలింగాల రేవులో పంతులు గారు, పెద్దకొడుకెవరండీ అని అడిగారు. తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెట్టాలని మావైపు ఆచారం. రంగంలో ఉన్నాడండి అని ఎవరో చెప్పారు. ఆయన కుండ నా భుజాన పెట్టారు. అన్న చెయ్యాల్సిన పని నేను చేస్తున్నానన్న సంగతి కంటే, నాన్న పోయాడని అన్నకి ఇంకా తెలియదన్న సంగతే ఆవేళ నన్ను ఎక్కువ కోసింది. వాడు ఆ సాయంత్రం కూడా గ్రౌండుకి వెళ్ళి ఉంటాడు.

పెద్దకర్మనాడు కొడుకులకి కొత్తబట్టలు పెట్టాలి కదా. మేనమామ వరసయ్యే ఆయన నాకోసం ఒక పంచె తెచ్చాడు. అమ్మ ఆయన్ని వెనక్కి పంపింది. కొడుకులిద్దరు, రెండు తే అంది. ఆ రెండోది ఆవిడ ట్రంకుపెట్టెలో దాచింది. దాచేముందు దాని అంచుకి ఒక మూల ఎర్రదారంతో చిన్న గడి కుట్టింది. చిన్నప్పటినుంచీ మా ఇంట్లో అన్న బట్టలకి ఎర్రదారం, నా బట్టలకి నీలందారం. ఉతికి ఆరేశాక కలిసిపోకుండా అమ్మ గుర్తు.

ఆనాటినుంచి అమ్మకి ఒకటే చింత. కొడుకు బతికున్నాడా లేదా అని కాదు. బతికే ఉన్నాడని ఆవిడ నమ్మకం, దానిమీద ఎవరితోనూ వాదన లేదు. తండ్రి పోయిన కబురు వాడికి చేరలేదు. విననివాడు తలస్నానం చెయ్యడు, తిలోదకం వదలడు. పైగా తండ్రి కోపంగా ఉన్నాడనే అనుకుంటూ బతుకుతాడు. ఈ కబురు వాడికి అందాలి, ఈ పంచె వాడికి చేరాలి. కాలనీలో ఎవరికి రంగంనుంచి చుట్టాల ఉత్తరం వచ్చిందన్నా పొయ్యి మీద మూకుడు వదిలేసి పరిగెత్తేది.

తరవాత రెండేళ్ళకి కలకత్తాలో ఒక క్లబ్బు నన్ను పిలిచింది. పేరెందుకులెండి. హౌరా మెయిలెక్కి వెళ్ళాను. అక్కడ ఆటంటే ఏంటో అప్పుడు తెలిసింది. వానలో, మోకాలిలోతు బురదలో, గొంతులు పోయేలా అరిచే జనం మధ్య ఆడాను. హాఫుని వాళ్ళు లింకుమాన్ అనేవారు. పేరు ఏదైతేనేం, పని అదే. గోలు కొట్టినవాణ్ణి భుజాలమీద ఎక్కించుకుంటారు, ఫొటో పేపర్లో పడుతుంది. ఆ బంతి ఎవరిచ్చారో మర్నాటికి ఎవడికీ గుర్తుండదు. నాకు ఒళ్ళుమండేది. మెస్సులో కంచాలు కూడా విసిరాను. కానీ నిజం చెప్పాలంటే, వెనక్కి చూడకుండా ఇచ్చిన బంతి సరిగ్గా మనిషి కాలిదగ్గర ఆగినప్పుడు నాకు కలిగిన ఆనందం ఆ గోలు కొట్టినవాడికి కలిగి ఉండదు. అలాంటప్పుడు నెత్తిమీద అన్న మొట్టికాయ పడినట్టే ఉండేది.

రెండో సీజనులో క్లబ్బుకి రంగూన్‌నుంచి పిలుపొచ్చింది. అక్కడ మూడు మ్యాచులు. పద్దెనిమిదిమంది జాబితాలో నా పేరుంది. కాగితాలు తెచ్చుకోవడానికి మూడురోజులు ఇంటికొచ్చాను. అమ్మకి చెబితే మూకుడు దించేసి కాలనీ అంతా చెప్పి వచ్చింది. కాలనీ అంతా మా ఇంటిముందు చేరి, మావాడికిది చెప్పు, మా అత్తకిది చెప్పు అని చీటీలు తెచ్చారు. అమ్మ ట్రంకుపెట్టె తెరిచి పంచె తీసింది. అన్న పాత ఉత్తరంమీద ఉన్న చిరునామా నాచేత ఒక కాగితం మీద రాయించి ఆ మడతలో పెట్టింది.

"ముందు నాన్న సంగతి చెప్పకు. అన్నం తిన్నాక చెప్పు. కోపం లేదన్నాడని చెప్పు, మరిచిపోకు. ఆ తరవాత ఇది ఇవ్వు" అంది.

చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదేనేమో అనుకున్నాను. అప్పటికే నాన్న పోయి మూడేళ్ళు దాటింది.

కలకత్తా వెళ్ళి కాగితాలు క్లబ్బు సెక్రటరీకిచ్చాను. వారం తిరక్కుండా ఆయన నన్ను పాస్‌పోర్టు ఆఫీసుకి తీసుకెళ్ళాడు. అక్కడి ఆఫీసరు నా కాగితాలు రెండు పక్కపక్కన పెట్టాడు. ఒకటి బర్మానుంచి వచ్చినప్పుడిచ్చిన కార్డు, పుట్టిన ఊరు రంగూన్. రెండోది స్కూలు సర్టిఫికెట్, పుట్టిన ఊరు కోరంగి. ఒక మనిషి రెండు ఊళ్ళలో ఎలా పుడతాడని అడిగాడు. నేను నా వచ్చీరాని హిందీలో, కొరంగీ అంటే ఊరు కాదు, మమ్మల్ని అలా పిలుస్తారు, మా నాన్న అలా అన్నాడు, హెడ్మాస్టరు ఇలా రాశారు అని మొత్తం రామాయణం చెప్పాను. చెబుతుంటే నాకే కట్టుకథలా వినిపించింది. ఆయన కర్కోటకుడేం కాదు. రెండుచోట్లా విచారణ చేయిస్తానన్నాడు, రెండు నెలలు పడుతుందన్నాడు. జట్టు బయల్దేరేది పదోరోజున.

ఆవేళ మా నాన్నని తిట్టుకున్నాను. పోయినవాణ్ణి, నా తండ్రిని, నడిరోడ్డు మీద నిలబడి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఏ ఊరయ్యా అంటే ఊరిపేరు చెప్పడం చేతకాలేదా నీకని. తరవాత మైదానం పక్కన గడ్డిలో కూచుని ఏడ్చాను. ఆయనకి ఊరంటూ ఒకటుంటే కదా చెప్పడానికి.

మా గోల్‌కీపరు బెంగాలీ, నెమ్మదస్తుడు, నాకు స్నేహితుడు. పంచె, చిరునామా కాగితం అతని చేతిలో పెట్టి, నాన్న చెప్పమన్న మాట, తలుపు ఎవరు తీసినా అర్థమయ్యేలా, బర్మా భాషలో బట్టీ పట్టించాను. అతను వెళ్ళాడు. పన్నెండురోజుల తరవాత తిరిగొచ్చాడు. హోటలునుంచి గ్రౌండుకి, గ్రౌండునుంచి హోటలుకి తప్ప కాలు బయట పెట్టనివ్వలేదట. హోటలు గుమాస్తాకి చిరునామా చూపిస్తే ఆ వీధిపేరు ఎప్పుడో మారిపోయిందన్నాడట. అతను తలెత్తి నా వైపు చూడలేక, పంచె నా మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. అలా ఆ పంచె రంగం వెళ్ళొచ్చింది. నేనే వెళ్ళలేదు.

సీజను అయ్యాక ఇంటికొచ్చాను. దారంతా నిజమే చెబుదామనుకున్నాను. రాజమండ్రి స్టేషన్లో రైలు దిగేదాకా ఆ మాట మీదే ఉన్నాను. కాలనీలో అడుగుపెట్టేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. కాళ్ళకి నీళ్ళయినా ఇవ్వకుండా అడిగింది.

"రంగంలో దిగావా?"

"దిగానమ్మా" అన్నాను.

అది అబద్ధం కాదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. రంగంలో దిగడమే కదా నా వృత్తి. వారానికి రెండుసార్లు దిగేవాణ్ణి. మాట మాటకి సరిపోయింది, ఇంకేం కావాలి? కానీ అక్కడితో ఆగలేదు. అన్న కనిపించాడా అంది. కనిపించాడన్నాను. చెప్పావా అంది. చెప్పానన్నాను. ఏడ్చాడా అంది. ఏడ్చాడన్నాను. తలస్నానం చేశాడా? చేశాడు. కోపం లేదన్న మాట చెప్పావా? చెప్పాను. నీ అంత పొడుగున్నాడా? నాకంటే బెత్తెడు పొడుగున్నాడు. పంచె ఇచ్చావా? ఇచ్చాను. కట్టుకున్నాడా? నా ఎదురుగానే కట్టుకున్నాడమ్మా. మైదానంలో కూడా అంత వేగంగా ఎప్పుడూ బంతులు అందించలేదు. ఆవిడ రెండు చేతులతో నా మొహం తడిమి, లోపలికి వెళ్ళి నాన్న ఫొటో దగ్గర దీపం పెట్టింది. ఆ సాయంత్రం కాలనీలో అందరికీ ఉత్తినే బజ్జీలు పంచి, మా పెద్దోడికి కబురందిందని చెప్పింది. చీటీలిచ్చినవాళ్ళకి నేను, బయట తిరగనివ్వలేదు, అన్నే గ్రౌండుకొచ్చి కలిశాడని చెప్పి తప్పించుకున్నాను. అన్నేళ్ళలో ఆవిడ అంత తేలిగ్గా నడవడం నేను చూడలేదు.

నా అంత తెలివితక్కువవాడు భూమ్మీద ఉండడు. పంచె నా సంచీ అడుగున, బూట్ల కింద ఉంది. ఎక్కడ పారేసేది? తండ్రి కర్మకి పెట్టిన బట్ట. రైల్లోంచి విసరబోయి చెయ్యి రాక ఊరుకున్నాను. ఇంటికొస్తే నా సంచీ విప్పి ఆటబట్టలన్నీ అమ్మే ఉతుకుతుందని పుట్టినప్పటినుంచీ తెలిసినవాణ్ణి, ఆవేళ మాత్రం మరిచిపోయాను. మర్నాడు భోంచేసి నడుం వాల్చాను. లేచి పెరట్లోకి వెళ్ళేసరికి దండెం మీద నా జెర్సీ, నా సాక్సులు, వాటి పక్కన తెల్లగా పంచె. అంచు మూల ఎర్రదారం గడి ఎండలో కనిపిస్తూనే ఉంది.

అమ్మ నుయ్యి పక్కన కూచుని నా బూట్లు పీచుతో రుద్దుతోంది. నన్ను చూసింది. "కలకత్తా బురద ఓ పట్టాన పోదురా" అంది. అంతే. మళ్ళీ బూట్లు రుద్దడంలో పడింది. ఆ తరవాత కూడా కాలనీవాళ్ళెవరైనా మీ పెద్దోడు ఎలా ఉన్నాడటండీ అంటే, బాగున్నాడట, చిన్నోడి కంటే బెత్తెడు పొడుగట అనే చెప్పేది. వింటూ నేను చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. నేను కలకత్తా వెళ్ళేరోజు సంచీలో బట్టలు సర్దిపెట్టింది. రైలెక్కాక తెరిచి చూస్తే అడుగున పంచె, ఇస్త్రీ చేసినంత చక్కగా మడిచి ఉంది. చిరునామా కాగితం కూడా ఆ మడతలోనే ఉంది.

ఆ తరవాత మూడేళ్ళు అలాగే జరిగింది. ఇంటికొచ్చినప్పుడల్లా పంచె ఉతికేది, వెళ్ళేటప్పుడు మళ్ళీ అడుగున పెట్టేది. నోరు తెరిచి నేనూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. నా పాస్‌పోర్టు విచారణ ఏ బల్ల కింద పడిందో తెలియదు. క్లబ్బు మళ్ళీ రంగూన్ వెళ్ళలేదు.

ఐదో సీజనులో నా కుడి మోకాలు పోయింది. పెద్ద కథేం లేదు. వాన, బురద, వెనకనుంచి ఒకడు కాలు అడ్డం పెట్టాడు, లోపల ఏదో పుటుక్కుమంది. అప్పటికే బంతి ఇచ్చేశాను, ఎవరికివ్వాలో ముందే చూసుకున్నాను, అది అందింది కూడా. దానిమీద గోలు పడిందని స్ట్రెచరు మీద ఉండగా చెప్పారు. రెండు నెలలు మెస్సులో ఉండనిచ్చారు. ఆ పైన ఎవరూ తొంగి చూడలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. గోల్‌కీపరొక్కడే హౌరా స్టేషనుకొచ్చి నా సంచీ మోశాడు.

ఇంటికొచ్చి కుంటుకుంటూ గుమ్మం ఎక్కాను. అమ్మ పొయ్యి దగ్గర ఆనపకాయ తరుగుతోంది. నన్నూ, నా కాలినీ చూసి కత్తిపీట పక్కన పెట్టింది. సంచీ తనే లోపలికి తీసుకెళ్ళి విప్పింది. బూట్లు తీసి గోడవార పెట్టింది. పంచె తీసి ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూచుంది. ఇక ఏ జట్టూ నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళదని ఆవిడకి తెలిసిపోయింది. నాకు ఆపుకోవడం చేతకాలేదు.

"అమ్మా, నేను రంగం వెళ్ళలేదు."

"తెలుసురా" అంది.

"పంచె వెళ్ళొచ్చింది. నేను వెళ్ళలేదు. కబురు అందలేదు."

గోల్‌కీపరు సంగతి, ఆఫీసరు సంగతి, కోరంగి సంగతి అన్నీ చెప్పాను. నాన్నని నడిరోడ్డు మీద తిట్టానని కూడా చెప్పాను. ఆవిడ వింటూ ఎర్రదారం గడి మీద బొటనవేలు రాస్తూ కూచుంది. మరి తెలిసి కూడా ఎందుకు ప్రతిసారీ సంచీలో పెట్టావమ్మా అన్నాను. నువ్వెప్పటికైనా వెళ్తావేమోనని అంది. పంచె మడత సరిచేస్తూ మళ్ళీ అంది.

"మొదట్లో అందుకే పెట్టేదాన్ని. తరవాత తరవాత, ఇవ్వకుండా తిరిగి తెచ్చేస్తే బాగుణ్ణనిపించేది. వాడికి తెలియనంతకాలం మీ నాన్న వాడి దగ్గర బతికే ఉంటాడు కదరా. ఒక్కడి దగ్గరైనా ఉండనీ."

నాన్న కోపంగా ఉన్నాడనే అనుకుంటాడు కదమ్మా అన్నాను.

"అనుకోనీ. కోపంగా ఉండాలన్నా బతికుండాలిగా" అంది.

ఆ తరవాత లేచి పంచె ట్రంకుపెట్టెలో పెట్టేసింది. మూకుడులో నూనె పోసి, తరిగిన ఆనపకాయ ముక్కలు పిండిలో ముంచింది. నేను మళ్ళీ మిల్లులో చేరాను. ఈసారి నిజంగానే స్టోర్సులో పని, ప్రాక్టీసు లేదు. సాయంత్రాలు గోదావరి గట్టు మీద కూచుని, ఇసుకలో పిల్లలు బంతి వచ్చాక తలెత్తి చూడటం చూసి కేకలేసేవాణ్ణి.

ఎనభైలు అయిపోతుండగా అమ్మ పోయింది. అదే రేవు. పంతులు గారు మారారు. పెద్దకొడుకెవరని ఈయన అడగలేదు. తల్లికి చిన్నకొడుకేగా అని కుండ నా భుజాన పెట్టారు. ఈసారి ఎవరి పనీ నేను లాక్కోలేదు. పెద్దకర్మనాడు మాత్రం బట్టలు తెచ్చినాయన్ని ఆపి, కొడుకులిద్దరండీ, రెండు తెండి అన్నాను.

అది జరిగిన కొన్నాళ్ళకి కాలనీలో ఒకాయన మా ఇంటికొచ్చాడు. ఏదో వ్యాపారం మీద రంగం వెళ్తున్నానని, మీ అన్న చిరునామా ఇస్తే ఎలాగైనా వెతికి అమ్మగారి సంగతి చెబుతానని అన్నాడు. మంచి మనిషి, మాట నిలబెట్టుకునేవాడు. కూర్చోమని చెప్పి లోపలికెళ్ళాను. ట్రంకుపెట్టె తెరిచాను. రెండు పంచెలు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. పాతదాని మడతలో కాగితం ఉంది, నా చేతిరాతే. దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. జీవితమంతా, నా దగ్గరకొచ్చినదాన్ని అరక్షణం ఉంచుకోకుండా అందించినవాణ్ణి. అన్న అక్కడ ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఈయన వెళ్తే తెలిసిపోతుంది. ఇప్పుడైతే వాడి దగ్గర అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నారు, నా దగ్గర వాడున్నాడు, నాకంటే బెత్తెడు పొడుగ్గా.

కాగితం మడతలో పెట్టేసి బయటికొచ్చాను. చిరునామా ఎక్కడో పోయిందండీ అని చెప్పాను.